రెండో సంతకం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఇరవై యేళ్లుగా లెక్కలు చెప్పుకొంటున్న వాళ్లం. "ఈ యేడు ఆరోగ్యం మీద మాట్లాడండి మాస్టారూ" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, డాక్టరుగారినెవరినైనా పిలవండి అన్నాం. "డాక్టర్లు చెప్పేది ఏటా వింటూనే ఉన్నాం, మీరు ఆసుపత్రిలో పడిన పాట్లు చెప్పండి" అన్నారాయన. ఆ పాట్లలో ఒకదాన్ని గురించే ఈ నాలుగు మాటలు. మాది లెక్కల పంతులు బుద్ధి గనుక మధ్య మధ్య కూడికలూ గుణింతాలూ వస్తాయి, కాస్త ఓపిక పట్టవలెను.

మా పెద్దక్కగారిని, మేము ఆపా అని పిలుస్తాం, కాలి పుండుతో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఏ ఆసుపత్రి అన్నది చెప్పం. చెప్పి ప్రయోజనం లేదు, ఇది ఎక్కడైనా జరగగలదని తర్వాత తెలుసుకున్నాం. ఆమెకు చాలా యేళ్లుగా షుగరు వ్యాధి. రాత్రి భోజనానికి ముందు 12 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలని కేసు షీటులో రాశారు. వార్డులో ఇన్సులిన్ నిండుకున్నది, బయట కొనుక్కురమ్మని చీటీ ఇచ్చారు. మా మేనల్లుడు వెళ్లి తెచ్చాడు. ఆ రాత్రి 34 మంచాలకు ఇద్దరే సిస్టర్లు. ఒకామె సెలైను మార్చి ఇటు వచ్చేసరికి అటు ఇంకొకరు పిలుస్తున్నారు.

ఇక్కడ మా తప్పు మేము చెప్పుకోవాలి. ఇంటి నుంచి తెచ్చిన అన్నం చల్లారిపోతోందని మాకు తొందర. "ఏమ్మా, ఆ సూదేదో వేసేస్తే పెద్దావిడ తింటుంది కదా" అని రెండుసార్లు వెళ్లి అడిగాం. రెండోసారి గొంతు కూడా కొంచెం పెంచాం. బడిలో పిల్లలతో మాట్లాడే అలవాటు, ఎక్కడికి పోతుంది?

ఆ అమ్మాయి సీసా తీసింది. సిరంజిలోకి 12వ గీత దాకా మందు లాగింది. అవతలి వరసలో ఉన్న రెండో సిస్టరు వైపు సిరంజి ఎత్తి చూపించి, "అక్కా, 24వ మంచం, ఇన్సులిన్ 12, చూశావా?" అన్నది. ఆమె అక్కడి నుంచే తల తిప్పి "ఆఁ, 12, సరే" అన్నది. సూది పడింది. తర్వాత రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు పెట్టారు.

పదిన్నర వేళకు ఆపాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. నిద్రమత్తు అనుకున్నాం. మమ్మల్ని చూసి, కాలం చేసిన మా నాన్నగారిని పిలిచినట్టు "అబ్బా" అని పిలిచింది. అప్పుడు మా గుండె జారింది. వేలు గుచ్చి చూస్తే షుగరు 38. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి 25 శాతం గ్లూకోజు నరంలోకి ఎక్కించారు. కాసేపటికి తెలివి వచ్చింది. వచ్చీ రావడంతోనే "నువ్వు అన్నం తిన్నావా?" అని మమ్మల్ని అడిగింది. ఆ మాటకు మాకు ఏడుపు ఆగలేదు, దాచుకోవడం ఎందుకు.

ఆ డాక్టరుగారు కుర్రవాడే గాని నిజాయితీ గల మనిషి. ఏదీ దాచలేదు. సీసాను లైటు కిందికి తెచ్చి మాకు చూపించారు. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు రకాల బలంతో దొరుకుతాయి. ఒక రకంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, రెండోదానిలో 100 యూనిట్లు. సిరంజిలూ అలాగే రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. వార్డులో ఉన్నవి ఎర్ర మూత సిరంజిలు. మావాడు కొట్లో తెచ్చినది 100 సీసా. చీటీ మీద "ఇన్సులిన్" అని ఉన్నది గాని 40 అనీ లేదు, 100 అనీ లేదు. కొట్టువాడి చేతికి ఏది అందితే అది ఇచ్చాడు.

ఇప్పుడు లెక్క చూడండి. 40 సిరంజిలో 12వ గీత అంటే మిల్లీలీటరులో 40వ వంతు 12 సార్లు, అనగా 0.3 మిల్లీలీటర్లు. అంత మేర 100 సీసాలోని మందు పడితే 30 యూనిట్లు. రాసినది 12, పడినది 30. రెండున్నర రెట్లు. తారుమారై, 40 సీసా మందును 100 సిరంజితో లాగితే అయిదింట రెండు వంతులే పడుతుంది. అప్పుడు షుగరు దిగదు, ఎందుకు దిగలేదో ఎవరికీ అంతుపట్టదు.

మా మనసులో మిగిలిపోయిన ప్రశ్న ఒక్కటే. రిజిస్టరులో రెండు సంతకాలు ఉన్నాయి కదా! ఇద్దరు చూసిన తర్వాత కూడా తప్పు ఎలా దాటిపోయింది?

దానికి జవాబు మాకు ఆసుపత్రిలో దొరకలేదు, మా వృత్తిలో దొరికింది. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే చోట, దిద్దిన పత్రంలో మార్కుల కూడిక సరిచూడటానికి వేరే మనిషిని కూర్చోబెడతారు. చాలా యేళ్ల కిందట మేమూ ఆ పని చేశాం. ఒక పత్రం పైన మొత్తం 67 అని వేసి ఉన్నది. మేము లోపలి మార్కులు కూడాం, 67 వచ్చింది, సంతకం పెట్టాం. పక్కనున్న మాస్టారు ఎందుకో ఆ పత్రం తిరగేసి, పై అంకె చూడకుండా కూడితే 76 వచ్చింది. మళ్లీ కూడితే 76. మేము కూడింది నిజమే, అబద్ధం కాదు. కాని 67 అన్న అంకె ముందే కళ్లలో ఉండటం వల్ల మా కూడిక అక్కడికే వెళ్లి ఆగింది. విశ్వవిద్యాలయాల్లో రెండుసార్లు దిద్దించేటప్పుడు మొదటివారి మార్కులు రెండోవారికి కనబడకుండా చేయడం ఇందుకే.

ఆసుపత్రిలో జరిగినదీ అదే. "ఇన్సులిన్ 12, చూశావా?" అన్న ప్రశ్నలోనే జవాబు ఉన్నది. రెండో సిస్టరు 12 కోసం చూసింది, 12 కనబడింది. సీసా చూడలేదు, ఎందుకంటే సీసాను గురించి ఎవరూ అడగలేదు. వైద్యరంగంలో ఇటువంటి సరిచూపుకు, నిజమైన సరిచూపుకు తేడా చెబుతారు. రెండోదాన్ని స్వతంత్ర పరిశీలన అంటారు. మొదటి నర్సు ఏమి తీసిందో, ఎంత తీసిందో చెప్పదు. రెండో నర్సు కేసు షీటు మొదలుకొని తానే చదువుకొని, రోగి పేరు, మందు పేరు, సీసా బలం, మోతాదు, ఏ దారిన ఇవ్వాలి, ఎంత వేగంతో ఇవ్వాలి అన్నవన్నీ తన లెక్కతో తేల్చుకొని, అప్పుడు ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. కలిస్తే సరే. కలవకపోతే ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్న ప్రసక్తి లేకుండా ఇద్దరూ ఆగిపోవాలి.

ఇదేదో మన దేశపు అజాగ్రత్త అనుకోకండి. కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో క్రాస్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అని పేరుగల సంస్థ ఉన్నది. 2006లో అక్కడ 43 ఏళ్ల ఒక స్త్రీకి ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సరు మందును చిన్న పంపు ద్వారా నాలుగు రోజులపాటు కొంచెం కొంచెంగా ఎక్కించాలి. గంటకు 1.2 మిల్లీలీటర్లు. సీసా చీటీ మీద 24 గంటలకు ఎంతో కూడా రాసి ఉన్నది: 28.8. లెక్కలో 24తో భాగించడం తప్పిపోయి, పంపులో గంటకు 28.8 అని పెట్టారు. రెండో నర్సు కూడా లెక్క చూసింది. ఆమెకూ 28.8 వచ్చింది, చీటీ మీద చూస్తే అదే అంకె కనబడింది, సరిపోయిందన్నది. నాలుగు రోజుల మందు నాలుగు గంటల్లో వెళ్లిపోయింది. మూడు వారాలకు ఆ తల్లి మరణించింది. తర్వాత జరిగిన విచారణ నివేదికను ఆ దేశంవారు దాచిపెట్టకుండా 2007లో అందరికీ విడుదల చేశారు, అది వారి గొప్పతనం. మాకు అది చదువుతుంటే మా 67 గుర్తుకొచ్చింది. తప్పు అంకె ఎక్కడో ఒకచోట కనబడితే చాలు, మనసు దాన్ని పట్టుకొని వేలాడుతుంది.

అదే 2006 సెప్టెంబరులో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఒక ఆసుపత్రిలో నెలలు నిండని పసికందులకు హెపారిన్ మందు వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. ఇది రక్తం గడ్డ కట్టకుండా వాడే మందు. పసిపిల్లల గొట్టం శుభ్రం చేసే సీసాలో మిల్లీలీటరుకు 10 యూనిట్లు, పెద్దలదానిలో 10,000. రెండింటి చీటీలూ నీలి రంగువే. అరలో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టారు, చేయి అలవాటుగా వెళ్లి తీసింది. ముగ్గురు పిల్లలు పోయారు. మరుసటి యేడు లాస్ ఏంజెలెస్‌లో సినిమా నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవల పిల్లలకూ ఇదే మందు, ఇదే వెయ్యి రెట్లు. ఆ పిల్లలు బతికి బయటపడ్డారు. డబ్బున్నవారికి జరగదనుకునే వాళ్లు వినాలి. మన దేశంలోనూ హెపారిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 1000 యూనిట్లదీ ఉన్నది, 5000 యూనిట్లదీ ఉన్నది. సీసా పరిమాణం ఒకటే, 5 మిల్లీలీటర్లు.

పొటాషియం క్లోరైడు అని ఇంకొకటి ఉన్నది. పెద్ద సెలైను సీసాలో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తే ప్రాణం నిలబెట్టే మందు. కలపకుండా నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఆ మందు ఉండే చిన్న గొట్టం, సూది మందులో కలిపే నీళ్ల గొట్టం చూపులకు ఇంచుమించు ఒకే మాదిరి. అందుకే చిక్కటి పొటాషియాన్ని సాధారణ వార్డుల్లో ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మార్ఫిన్, క్యాన్సరు మందులు, కండరాలను స్తంభింపజేసే మత్తు విభాగం మందులు, ఇవన్నీ ఈ జాబితాలోనివే. అధిక ప్రమాదం గల మందులంటే తప్పులు ఎక్కువగా జరిగేవని కాదు. తప్పు జరిగితే సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వనివి. జ్వరం మాత్ర ఒకటి ఎక్కువైతే చాలాసార్లు రేపు చూసుకోవచ్చు. ఇవి రేపటి దాకా ఆగవు.

"అయితే మాస్టారూ, అన్ని మందులూ ఇద్దరిద్దరు చూస్తే పోలా?" అని మొన్న మా తోటి ఉపాధ్యాయుడొకరు అన్నారు. పోదు. 34 మంచాలకు ఇద్దరు సిస్టర్లున్న చోట ప్రతి మాత్రకూ ఇద్దరు చూడాలంటే ఇద్దరూ చూడరు, సంతకాలు మాత్రం పెడతారు. ఆస్ట్రేలియాలో ఒక పిల్లల ఆసుపత్రిలో పరిశీలకులు నర్సుల పక్కనే నిలబడి వేల మోతాదులు ఇవ్వడం గమనించారు. ఇద్దరు చూడాలన్న నియమం ఉన్నచోట ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. కాని అందులో చాలా భాగం "ఇది ఇంత, చూశావా" బాపతే. అటువంటి సరిచూపు వల్ల తప్పులు తగ్గినట్టు కనబడలేదు. కనుక కొద్ది మందులను ఎంచుకొని, వాటికి మాత్రం నిఖార్సుగా చూడాలన్నది ఈ విషయం బాగా చదివినవారి అభిప్రాయం. ఇందులో నర్సుల కొరత మాట ఎత్తకుండా వారిని మాత్రం నిందించడం అన్యాయం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మేము చూసినది పదిహేడు మందికి ఒకరు.

ఇక మన ఇళ్లకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. మన పేర్లు. కోస్తా జిల్లాల్లో ఏ వార్డులోనైనా నిలబడి "షేక్ మస్తాన్" అని పిలవండి, ఇద్దరు ముగ్గురు తలెత్తుతారు. "షేక్ మస్తాన్‌బీ" అంటే ఆడవారి వార్డులోనూ అంతే. షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి ఇంటిపేర్లుగా ముందు రాస్తారు. కొందరు సగం పేరే చెబుతారు. ఆధారు కార్డులో ఒకటి, రేషను కార్డులో ఒకటి, ఇంట్లో పిలిచేది మూడోది. మా ఆపాను సిస్టరు "మీ పేరు ఫలానా కదా?" అని అడిగితే, తెలుగు సరిగా అర్థం కాక, మర్యాద కోసం "హాఁ" అంటుంది. వేరే పేరుతో అడిగినా "హాఁ" అనే అంటుంది, మేము పరీక్షించి చూశాం! అందుకే రోగినే నోరారా పేరు చెప్పమనాలి, చేతి పట్టీ మీది పేరూ నంబరూ చూడాలి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే తండ్రి పేరో భర్త పేరో కలిపి పూర్తి పేరు రాయించండి. తెలుగు రాని పెద్దలకు తోడుగా రెండు భాషలూ వచ్చినవారిని ఉంచండి. పదో తరగతి చదివిన పిల్లయినా చాలు.

మందు బయట కొనవలసి వస్తే, చీటీ మీద బలం ఎంతో రాసి ఉన్నదా అని కొట్టుకు వెళ్లే ముందే చూడండి. లేకపోతే వెనక్కు వెళ్లి రాయించుకోండి. "ఇదేమిటి, డాక్టరుగారికే పాఠాలు చెబుతున్నారా" అని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సీసా తెచ్చి సిస్టరు చేతికిచ్చేటప్పుడు "అమ్మా, ఇది 40దో 100దో ఒకసారి చూడండి" అంటే ఆ అమ్మాయి ఏమీ అనుకోదు. మేము తర్వాత చాలామందిని అడిగాం. అందరూ ఒకే మాట అన్నారు: అడిగేవాళ్ల వల్ల కష్టం లేదు సార్, తొందరపెట్టేవాళ్ల వల్లనే. మందు లాగేటప్పుడు పిలవవద్దు, పలకరించవద్దు. కొన్ని దేశాల్లో మందులిచ్చే వేళ నర్సులు "నన్ను మాట్లాడించవద్దు" అని రాసిన పైచొక్కా వేసుకుంటారట. మన దగ్గర చొక్కా లేదు, మనమే నోరు కట్టుకోవాలి.

ఆపాకు ఆ రాత్రి సూది వేసిన సిస్టరు మరునాడు పొద్దున డ్యూటీ దిగే ముందు మంచం దగ్గరకు వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా వల్లనే అమ్మా" అని ఆపా చేయి పట్టుకుంది. మా మేనల్లుడు ఫిర్యాదు చేయాలన్నాడు. వాడి ఆవేశం మాకు అర్థమైంది, సగం మాకూ ఉన్నది. కాని ఫిర్యాదులో ఏమి రాయాలి? చీటీలో బలం రాయనివారు, అడగకుండా ఇచ్చిన కొట్టువాడు, అడగకుండా తెచ్చినవాడు, దూరం నుంచి సరే అన్న ఆమె, అన్నం చల్లారుతుందని గొంతు పెంచిన మేము. అందులో ఒక్క ఆ పిల్ల పేరు రాసి మిగతావారందరం ఇళ్లకు పోవడం మాకు నచ్చలేదు. ఊరుకోనూ లేదు. పెద్ద డాక్టరుగారికి జరిగినది జరిగినట్టు, మా వంతుతో సహా, కాగితం మీద రాసి ఇచ్చాం. తరువాత నాలుగు రోజులకు ఆ వార్డు గోడకు ఎర్ర మూత, నారింజ మూత బొమ్మలు అతికించి కనబడ్డాయి. ఇంకా అతికించి ఉన్నాయో లేదో ఈ మధ్య వెళ్లి చూడలేదు.

ఆపా ఇప్పుడు ఇంట్లోనే ఇన్సులిన్ తీసుకుంటున్నది. పుండు మానింది. సీసా, సిరంజి ఒక డబ్బాలో పెట్టుకొని, మందు లాగి, తొమ్మిదో తరగతి చదివే మనుమణ్ణి పిలిచి చేతికిస్తుంది. ఎంత లాగిందో చెప్పదు. "నువ్వు చెప్పు" అంటుంది. వాడు సీసా మీద 40 చదవాలి, మూత రంగు చెప్పాలి, గీత లెక్కపెట్టి చెప్పాలి. వాడికి మొదట్లో ఆటగా ఉండేది, ఇప్పుడు విసుగు. పోయిన నెలలో ఒక సాయంత్రం వాడు "14" అన్నాడు. "సరిగా చూడరా, 12" అని ఆపా నోటి దాకా వచ్చి ఆగిందట. లైటు కిందికి తీసుకెళ్లి చూస్తే 14వ గీతే. కళ్లజోడు తెచ్చుకొని, రెండు గీతలు వెనక్కి తోసి, మళ్లీ వాడి చేతికిచ్చింది.